వ్యాపారానికి కాగితమే పునాది
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం పెట్టదలచిన మన యువకులకు చట్టం ఏమేమి అడుగుతుందో నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. సెక్షన్లన్నీ వల్లించి మిమ్మల్ని విసిగించను. ఈ కాగితాలు సర్కారువారి కోసం కాదు, మన కోసం, మన పిల్లల కోసం అన్న ఒక్క సంగతి మీ మనస్సుల్లో నాటుకుంటే నేను వచ్చిన పని నెరవేరినట్లే.

మనవాళ్లలో చాలామందివి అన్నదమ్ముల వ్యాపారాలు, బావాబావమరుదుల వ్యాపారాలు. బట్టల కొట్టు, మెకానిక్ షెడ్డు, హోటలు, పండ్ల వ్యాపారం, ఇనుప సామాను. ఒకరు డబ్బు పెడతారు, మరొకరు కష్టం పెడతారు. రాసుకోండయ్యా అంటే, "సొంత తమ్ముడితో కాగితమేమిటండీ, నలుగురూ నవ్వరా?" అంటారు.

ఒక ఇంటి సంగతి ఊహించండి. ఇద్దరన్నదమ్ములు నోటిమాట మీద దుకాణం పెట్టారు. అద్దె ఒప్పందం, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా అన్నీ అన్నగారి పేరనే ఉన్నాయి. తమ్ముడు పదిహేనేళ్లు రెక్కలు ముక్కలు చేసుకొని, ఒకనాడు హఠాత్తుగా కన్ను మూశాడు. అతని భార్య వాటా అడిగితే ఏమి చూపించాలి? అతడు భాగస్వామా, జీతానికి ఉన్నవాడా? అన్నగారు మంచివాడే కావచ్చు. ఆయన తరువాత ఆయన కొడుకుల మాటేమిటి? వారసులలో ఎవరికెంత అన్నది షరియత్ లెక్క కట్టి చెప్పింది. కాని పంచవలసిన మొత్తమెంతో తేలనిదే ఆ లెక్క మొదలే కాదు.

రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు. ఖురాన్‌లో అన్నిటికంటె పెద్ద ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని రాసుకొని సాక్షులను పెట్టుకొనడం గురించే కదా! దగ్గరివాళ్ల మధ్యనే కాగితం ఎక్కువ అవసరం. పరాయివాడితో తగువు వస్తే డబ్బే పోతుంది. అన్నదమ్ముల మధ్య వస్తే ఇల్లు కూడా విరుగుతుంది.

ఇక చట్టం సంగతి. మన దేశంలో భాగస్వామ్య వ్యాపారాలకు 1932 నాటి చట్టం నేటికీ అమలులో ఉన్నది. దాని ప్రకారం నోటిమాట భాగస్వామ్యం కూడా చెల్లుతుంది. ఫర్మును రిజిస్టరు చేయకపోతే జుల్మానా లేదు, జైలు లేదు. అందుకే చాలామంది ఆ ఊసే ఎత్తరు. అసలు మెలిక 69వ సెక్షనులో ఉన్నది. రిజిస్టరు కాని ఫర్ము, సరుకు తీసుకొని బాకీ పడ్డవాడిమీద ఒప్పందాన్ని పట్టుకొని కోర్టులో దావా వేయలేదు. అవతలివాడు మాత్రం మనమీద వేయవచ్చును! భాగస్వాములు ఒకరిమీద ఒకరు ఒప్పందపు హక్కుల కోసం దావా వేయడానికీ అదే అడ్డంకి. ఫర్మును రద్దు చేసి లెక్క తేల్చమని అడిగే హక్కు మాత్రం మిగులుతుంది. అనగా వ్యాపారాన్ని చంపుకొంటే తప్ప న్యాయం అడగలేని స్థితి.

కాబట్టి మొదటి పని ఒప్పంద పత్రం. స్టాంపు కాగితం మీద ఈ సంగతులు తప్పక ఉండాలి: ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారు, లాభనష్టాల్లో ఎవరి వాటా ఎంత, పనిచేసే భాగస్వామికి జీతం ఉన్నదా, చెక్కులమీద సంతకం ఎవరిది, ఒకరు తప్పుకొంటే లెక్క ఎలా, ఒకరు మరణిస్తే ఏమిటి. ఈ చివరిది మరువవద్దు. వేరే ఒప్పందం లేకుంటే భాగస్వామి మరణంతో ఫర్ము రద్దయిపోతుందని 42వ సెక్షను చెబుతున్నది.

రెండవ పని రిజిస్ట్రేషను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖవారి పని. దరఖాస్తులో ఫర్ము పేరు, వ్యాపార స్థలం, శాఖలుంటే అవి, ప్రతి భాగస్వామి పూర్తిపేరు, శాశ్వత చిరునామా, చేరిన తేదీ, ఫర్ము కాలపరిమితి రాసి అందరూ సంతకాలు చేయాలి. ఒకసారి చేశాం, ఇక అయిపోయిందనుకోరాదు. కొత్తవారు చేరినా, పాతవారు విడిపోయినా రిజిస్టరులో ఎక్కించాలి. భాగస్వాములు మారినా రిజిస్టరులో కొత్తవారి పేర్లు ఎక్కించని ఒక ఫర్ము వేసిన దావా చెల్లదని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. "పేరుకు మాత్రమే, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటే వెంటనే పెట్టకండి. ఫర్ము అప్పులకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యులే. అప్పిచ్చినవాడు మీ సొంత నగలదాకా రావచ్చు. పేరు ఉంచండి, కాని చదివి, తెలుసుకొని, లెక్కలు చూస్తూ ఉంచండి. ఈ అపరిమిత బాధ్యత భయమనిపిస్తే 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యమున్నది. 2013 చట్టం కింద ఇద్దరితో ప్రైవేటు కంపెనీ, ఒక్కరితోనే ఏకవ్యక్తి కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. అయితే వీటికి ఏటేటా దాఖలు చేయవలసిన లెక్కలు ఎక్కువ.

మూడవది లైసెన్సులు. దుకాణం పెట్టే ఊరి మునిసిపాలిటీ లేక పంచాయతీ నుండి ట్రేడు లైసెన్సు తీసుకోవాలి. కార్మికశాఖలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదున్నది. పనివారి సంఖ్యనుబట్టి, రాష్ట్రాన్నిబట్టి నియమాలు మారుతుంటాయి గనుక ముందే విచారించుకోవడం మేలు. తినే వస్తువులు అమ్మేవారికి 2006 ఆహార భద్రతా చట్టం వర్తిస్తుంది. చిన్నవారికి రిజిస్ట్రేషను, పెద్దవారికి లైసెన్సు. దేనికైనా 14 అంకెల నంబరు ఇస్తారు. కాటా వాడేవారు తూనికలు, కొలతల శాఖవారి ముద్ర వేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకయితే ఏడాదికొకసారి.

2017 జూలై 1 నుండి వచ్చిన జీఎస్టీ సంగతి జాగ్రత్తగా వినండి. వస్తువులు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను తప్పదు. సేవలకు రెండుచోట్లా 20 లక్షలే. అయితే పన్ను పడే సరుకును పొరుగు రాష్ట్రానికి అమ్మేవారికి మామూలుగా ఈ పరిమితి వర్తించదు. 2014 జూన్ 2 తరువాత విజయవాడనుండి హైదరాబాదుకు అమ్మడం కూడా పొరుగు రాష్ట్రానికి అమ్మడమే! నాన్నగారి కాలంలో ఒకే రాష్ట్రం కదా అని ఊరుకొంటే చిక్కే.

చివరిది ఉద్యం నమోదు. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్నది. పూర్తిగా ఉచితం. దీనికి సర్కారు రుసుము కట్టాలని ఎవరైనా చెబితే నమ్మకండి. చిన్న తయారీదారులకు, సేవలందించేవారికి ఇదొక రక్ష. 2006 చట్టం ప్రకారం సరుకు తీసుకొన్నవాడు రాతపూర్వక ఒప్పందమున్నా 45 రోజులకు మించి డబ్బు ఆపరాదు, ఒప్పందమే లేకుంటే 15 రోజులే. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చూశారా, ఇక్కడ కాగితం మనకు అప్పు వసూలు చేసి పెడుతున్నది!

ఇదంతా విని బెదిరిపోవద్దు. వరుస తప్పకుండా చేసుకొంటే కష్టమేమీ లేదు. ముందు ఒప్పందం, తరువాత ఫర్ము రిజిస్ట్రేషను, పాన్ కార్డు, ఫర్ము పేర బ్యాంకు ఖాతా, ఆ తరువాత లైసెన్సులు. వ్యాపారం ఇప్పటికే నడుస్తున్నా ఆలస్యమైందనుకోనక్కరలేదు. ఫర్మును ఎప్పుడైనా రిజిస్టరు చేయవచ్చును, దావా వేయడానికి ముందే అయివుండాలి, అంతే.

సొసైటీ పెద్దలకు నాదొక సూచన. మనం ఏటా పిల్లలకు పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం. నెలకొక సాయంత్రం ఒక వకీలును, ఒక ఆడిటరును పిలిపించి, మన వ్యాపారుల ఒప్పంద పత్రాలు రాయించే ఏర్పాటు కూడా చేస్తే, రేపు మన సహాయం కోసం రావలసిన అవసరం ఎన్నో ఇళ్లకు తప్పుతుంది.

ఈ సభనుండి ఇంటికి వెళ్లినాక, ఉమ్మడి వ్యాపారం ఉన్న ప్రతి ఒక్కరూ ఇంట్లో కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు నేను లేకపోతే, నా వాటా ఇంత అని చూపే కాగితం నా పిల్లల చేతిలో ఉన్నదా? లేదంటే ఈ నెలలోనే రాయించండి.