తల్లి కథ వ్రాసిన కుమార్తె: కృపాబాయి సత్యనాథన్
(శతవార్షిక ఉత్సవములలో స్త్రీల మైత్రి కూటమునందు పఠన బృందము పక్షమున చేసిన ప్రసంగము)



ఈ మూడు దినములుగా మన సంఘ చరిత్రను గూర్చి పెద్దలు ఎన్నో విలువైన సంగతులు చెప్పినారు. తొలినాటి క్రైస్తవ రచయిత్రి ఒకరిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరినారు. మేము కృపాబాయి సత్యనాథన్ గారిని ఎన్నుకొన్నాము. ఈ పేరు మనలో చాలమందికి క్రొత్త. నిజము చెప్పవలెనంటే, ఈ పని మాకు అప్పగించువరకు మాకును క్రొత్తయే. ఆమె నవలలు ఇంగ్లీషులో ఉన్నవి. మాలో ఒకరు చదివి తెలుగులో చెప్పగా, తక్కినవారము చేతిపని చేసికొనుచు విన్నాము. విన్న తరువాత మాలో వచ్చిన వాదములే ఈ ప్రసంగము.

ముందుగా ఆమె జీవితము క్లుప్తముగా చెప్పెదము. కృపాబాయి గారు 1862 ఫిబ్రవరి 14న బొంబాయి రాజధానిలోని అహమ్మద్‌నగరులో జన్మించినారు. తండ్రి హరిపంత్, తల్లి రాధాబాయి. బ్రాహ్మణ కులమునుండి క్రైస్తవులైన కుటుంబము. పదునలుగురు సంతానములో ఈమె పదమూడవ బిడ్డ. తండ్రి ఈమె చిన్నతనమందే పోయినారు. చదువు మీద ఆశ పుట్టించిన అన్న భాస్కర్ యౌవనమందే మరణించినారు. వైద్యవిద్య కొరకు ఇంగ్లండుకు పంపవలెనను ఆలోచన జరిగినది గాని, ఆరోగ్యము చూచి పెద్దలు వద్దన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీ 1875 నుండి స్త్రీలను చేర్చుకొనుచున్నందున 1878లో ఆమె అక్కడ చేరినారు. చింతాద్రిపేట సీయోను దేవాలయపు గురువు డబ్ల్యు. టి. సత్యనాథన్ గారి ఇంట నివాసము. మొదటి సంవత్సరము బహుమతులు పొందినారు. అంతలో శరీరము సహకరింపక చదువు మానవలసి వచ్చినది.

తరువాత ఆ గురువు గారి కుమారుడు, కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన సామ్యూలు సత్యనాథన్ గారితో వివాహమైనది. ఊటీలో ఉన్నప్పుడు ముస్లిము బాలికలకు పాఠశాల తెరచినారు. 1884లో భర్త ఉద్యోగము వలన మన రాజమండ్రికి వచ్చినారు. ఆ పిమ్మట కుంభకోణము, మద్రాసు. పుట్టిన ఒక్క బిడ్డ ఏడాది నిండకముందే కన్నుమూసినది. ఇంత దుఃఖము నడుమ 'సగుణ' అను నవల 1887-88లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో వరుసగా వెలువడినది. 'కమల' అను రెండవ నవల క్షయవ్యాధితో మంచము మీదనుండి పూర్తిచేసినారు. 1894 ఆగస్టు 3న నిద్రించినారు. అప్పటికి ఆమెకు ముప్పది రెండేండ్లు. 'సగుణ' పుస్తకరూపము చూచుకొనకయే పోయినారు.

ఇంగ్లీషులో నవల వ్రాయ పూనిన మన దేశ స్త్రీలలో ఆమె తొలివారిలో ఒకరు. ఆమెకు ముందు బెంగాలులో తోరూదత్తు ఉన్నది, ఆమెయు క్రైస్తవురాలే. ఆమె 1877లో ఇరువది ఒకటవ యేట మరణించగా, అసంపూర్ణమైన నవల మరుసటి యేట అచ్చయినది.

ఇక కృపాబాయి గారిని గూర్చి విమర్శకులు చెప్పు మాటలు మూడు విధములుగా ఉన్నవి. మొదటిది, ఈమె ఇంగ్లీషులో, దొరలు దొరసానులు చదువుటకు వ్రాసినదని. ఇది పూర్తిగా తోసివేయదగినది కాదు. మన ఇంటిలో తులసికోట ఎందుకున్నదో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. అట్టి వివరణలు ఆమె పుస్తకములలో చాల ఉన్నవి. కాని ఆమె మాతృభాష మరాఠీ, కాపురము తమిళ తెలుగు దేశములలో. చదువంతయు ఇంగ్లీషులో. ఏ భాషలో వ్రాసినను ఒక పక్షమువారికి పరాయిదే అయ్యెడిది. రెండవ విమర్శ, ఇవి మిషనువారి ప్రచారపు కథలని. మూడవది ఈ కాలపు పండితులు, ముఖ్యముగా స్త్రీలు, చెప్పునది. 1998లో చాందనీ లొకుగే గారు ఈ రెండు నవలలను మరల ప్రకటించినారు. 2005లో యూనిస్ డిసౌజా గారు సత్యనాథన్ కుటుంబపువారి రచనలను ఒకచోట చేర్చినారు. అప్పటినుండి, ఒక స్త్రీ తన్ను తాను ఎట్లు తీర్చిదిద్దుకొన్నది అను దృష్టితో వీటిని చదువుచున్నారు.

ఈ మూడు మాటలలోను సత్యమున్నది. అయినను మా హృదయములను పట్టుకొన్నది వేరొకటి. అది సగుణ కంటె ముందు సగుణ తల్లి కథ.

'సగుణ' ఆమె స్వంత కథ వంటిదే. కాని పుస్తకము సగుణతో మొదలు కాదు. చిన్ననాడే పెండ్లియై అత్తవారింట చాకిరీ చేయు రాధతో మొదలగును. భర్త సత్యమును వెదకి, చదివి, తర్కించి క్రైస్తవుడగును. అది ఆయన నిర్ణయము. రాధను ఎవరు అడిగినారు? ఆమెకు అది ప్రళయము. పుట్టినింటివారు, అత్తింటివారు, కులము, పండుగలు, ఇరుగుపొరుగు అన్నియు ఒక్కసారి పోయినవి. ఆమె భర్త చెంతకు వచ్చినను తన ఆచారమును వెంటనే విడువలేదు. ఆయన దేవుని అంత సులువుగా అంగీకరింపలేదు. కాలము గడిచిన కొలది, తన దారిన, తన వేగమున మారినది.

రచయిత్రి తల్లిని మూఢురాలని తృణీకరించలేదు. కూతురు పుస్తకములు పట్టుకొని కూర్చుండుట ఆ తల్లికి నచ్చదు, ఆడపిల్లకు వంటపని రావలెనని ఆమె పట్టు. అట్టి తల్లిని గూర్చి, చదువు కొరకు పోరాడిన కుమార్తె ఇంత గౌరవముతో వ్రాయుట గొప్ప సంగతి. ప్రచారపు కథయే అయినచో రాధ మొదటి అధ్యాయములోనే మోకరించి ఉండెడిది.

ఈ భాగము చదివిన దినమున మా బృందములో తొంబది యేండ్లకు దగ్గరైన అమ్మమ్మగారు ఒకరు కన్నీరు పెట్టుకొన్నారు. "మా అత్తగారు కూడ అంతేనమ్మా" అన్నారు. "మామగారు బాప్తిస్మము పొందిన రోజున ఈమె పొలములో కలుపు తీయుచున్నదట. ఇంటికి వచ్చుసరికి పేరు మారిపోయినది. ఏడేండ్ల వరకు ఆ క్రొత్త పేరుకు పలుకలేదు. పలికిన నాటినుండి మాత్రము చచ్చువరకు ఆదివారము తప్పలేదు." ఇంతవరకు ఈ మాట ఎవరికిని చెప్పలేదేమి అని అడిగితిమి. "ఎవరడిగినారు?" అన్నారు.

కృపాబాయి గారు మిషను బంగళాను గూర్చి కూడ నిర్మొగమాటముగా వ్రాసినారు. ఆమెకు చదువు చెప్పినవారు మిషనువారే. ఆ ఋణమును ఆమె మరువలేదు. కాని ప్రేమను బోధించు ఇండ్లలోనే స్వదేశీ క్రైస్తవులను తక్కువగా చూచుటను దాచలేదు. మరియొక ప్రక్క, దొరల దుస్తులు, మేజా కుర్చీలు చూచి తామును దొరలైనట్లు భావించు మనవారిని చూచి నవ్వినారు. ఉపకారము పొందినవారు నోరు మూసికొనవలెనను నియమమును ఆమె పాటింపలేదు. ఇది కృతఘ్నత అని మాలో ఒకరిద్దరు వాదించినారు. సంఘమును తన ఇల్లుగా ఎంచినవారే ఇంటి తప్పు చెప్పుదురని తక్కినవారు అన్నారు.

'కమల' హిందూ కుటుంబపు కథ. బాల్యములో వివాహమై, అత్తింట బాధలుపడి, భర్తను బిడ్డను పోగొట్టుకొన్న స్త్రీ కమల. బంధువైన రామచందర్ అను వైద్యుడు ఆమెను పెండ్లాడుదునని అడుగును. ఆమె నిరాకరించి, శేషజీవితమును పరుల సేవకు అర్పించును. ఇక్కడ మాకు ఒక సందేహము కలిగినది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినారు. మూడేండ్ల తరువాత కృపాబాయి గారు ఆ ఊరిలోనే కాపురమున్నారు. అంత ధైర్యము కలిగిన రచయిత్రి కమలకు ఎందుకు పెండ్లి చేయలేదు? ఆమె ధైర్యము అక్కడికి ఆగిపోయినదని కొందరు విమర్శకులు అందురు. మాకు తోచినది ఇది: తరతరముల ఆచారము బయట చట్టము మారినంత మాత్రమున మనసులో మారదు. అడిగినవాడు మంచివాడే, ఆమెకును ఇష్టమే, అయినను కాలు ముందుకు పడదు. రాధకు ఎంతో కాలము పట్టినచో, కమలకు ఒక జన్మ చాలలేదు.

ఇంతవరకు మెచ్చుకొన్నాము. ఇక ఒక లోటు కూడ చెప్పవలెను. కృపాబాయి గారు చూపిన క్రైస్తవ లోకము ఎక్కువగా బ్రాహ్మణులు క్రైస్తవులైన కుటుంబముల లోకము. అక్కడ మతము మారుట అనగా గౌరవము పోగొట్టుకొనుట. మన తెలుగు సంఘములలో అధిక సంఖ్యాకుల పూర్వులు మాల, మాదిగ పల్లెలనుండి వచ్చినవారు. వారికి అదే మార్గము తల ఎత్తుకొని నిలుచుటకు దారి అయినది. ఆమె వైద్యకళాశాలలో చేరిన ఆ 1878వ సంవత్సరములోనే, జూలై 3న, ఒంగోలు ప్రాంతపు వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో స్త్రీలెందరో ఉన్నారు. నీటిలోనికి దిగునప్పుడు ఒక్కొక్కరి మనసులో ఏమున్నదో చెప్పు నవల ఏది? వారి కుమార్తెలలో ఒక కృపాబాయికి కలము పట్టు అవకాశము ఎవరిచ్చినారు? ఈ లోటు ఆమె ఒక్కరిదే కాదు, మనది.

ఎందుకనగా ఈ శతవార్షిక సంచిక కొరకు మేము పాత బాప్తిస్మ రిజిస్టరు తిరుగవేసినాము. పురుషుల పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు, వృత్తి చక్కగా ఉన్నవి. చాలచోట్ల స్త్రీకి ఎదురుగా 'భార్య' అని మాత్రమే ఉన్నది. ఒక పుటలో 'భార్య 1, పిల్లలు 4' అని ఉన్నది. పశువుల లెక్క వలె చదువవలసి వచ్చినది. ఆ భార్యయే మన అమ్మమ్మగారి అత్తగారు కావచ్చును. ఆమెకు ఒక పేరున్నది. ఆ పేరు విడుచుటకు ఏడేండ్లు పట్టినంత ప్రియమైన పేరు. అది మన పుస్తకములో లేదు.

కావున మా మనవి ఒక్కటే. ప్రతి పాస్టరేటులో ఒక నోటుపుస్తకము కొని, స్త్రీల మైత్రి చేతిలో పెట్టుడి. ఎనుబది దాటిన తల్లుల వద్దకు పోయి, వారి తల్లులు, అత్తలు ఎట్లు వచ్చినారో, ఏమి విడిచినారో, ఎంత కాలము పట్టినదో అడిగి వ్రాయుడి. సాక్ష్యమునకు తగినట్లు దిద్దవద్దు. వారు రాలేదన్న మాట, ఏడ్చినామన్న మాట కూడ ఉన్నది ఉన్నట్లు వ్రాయుడి. రూతు కథ మన చేతికి వచ్చినది ఎవరో ఇద్దరు స్త్రీల దారిమాటలను విని భద్రపరచినందుననే గదా.

మా అమ్మమ్మగారి అత్తగారి పాత పేరు మేము వ్రాసికొన్నాము. మొదటి పుట అదే. తక్కిన పుటలు మీవి.