ఎవరూ ఎన్నుకోని సభ ప్రజల సభ ఎలా అయింది?

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి వంతెనల గురించో, ఆనకట్టల గురించో చెబుతానని అనుకొని ఉంటారు. నేను మాత్రం 1917లో కీవ్ నగరంలో పుట్టిన ఒక సభ గురించి చెబుతాను. దాని పేరు సెంట్రాల్నా రాదా. ఉక్రెయిన్ భాషలో రాదా అంటే మండలి. మన మాటలో కేంద్ర మండలి.

ఆ ఏడాది మార్చి 15న రష్యా చక్రవర్తి రెండవ నికోలస్ గద్దె దిగాడు. సరిగ్గా రెండు రోజులకు కీవ్‌లోని ఉక్రెయిన్ పార్టీల, సంఘాల ప్రతినిధులు కలిసి ఈ మండలిని ఏర్పాటు చేశారు. చరిత్రకారుడు మిహైలో హ్రుషెవ్‌స్కీని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన ఊళ్లోనే లేరు, మాస్కోలో ఉన్నారు. 1876 నుంచి దాదాపు 30 ఏళ్ల పాటు సొంత భాషలో పుస్తకం అచ్చువేసుకోవడానికే ఆంక్షలున్న జాతి వారిది. మండలికి సైన్యం లేదు, ఖజానా లేదు. అన్నిటికీ మించి, "మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు?" అంటే చెప్పడానికి జవాబు లేదు.

ఆ జవాబును వాళ్లు సంపాదించుకున్నారు. ఏప్రిల్‌లో జాతీయ మహాసభ పిలిచారు. దాదాపు 900 మంది ప్రతినిధులు వచ్చి, మండలిని కొత్తగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత సైనికులు, రైతులు, కార్మికులు తమతమ మహాసభలు జరుపుకొని, అక్కడ ఎన్నికైన వారిని మండలిలోకి పంపారు. జూన్‌లో సైనికుల రెండవ మహాసభను యుద్ధమంత్రి కెరెన్‌స్కీ నిషేధించినా రెండు వేల మందికి పైగా వచ్చారు. ఉక్రెయిన్‌కు స్వయంపాలన ప్రకటించిన తొలి 'యూనివర్సల్' పత్రాన్ని జూన్ 23న వాళ్ల ముందే చదివారు.

అప్పటిదాకా అది ఉక్రేనియన్ల సభే. కానీ నగరాల్లో రష్యన్లు, యూదులు, పోలిష్ వారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. జూలైలో వాళ్లకూ స్థానాలు ఇచ్చారు. దాంతో సభ్యుల సంఖ్య 800 దాటింది. మండలి అచ్చువేసిన తొలి నోటు మీద నాలుగు భాషలు కనిపిస్తాయి: ఉక్రేనియన్, రష్యన్, పోలిష్, యిడ్డిష్.

మా వృత్తిలో ముందు పునాది, తర్వాత కట్టడం. నిలబడి ఉన్న కట్టడం కింద పునాది వేయడం చాలా కష్టమైన పని. వాళ్లు చేసింది అదే.

కథ సుఖాంతం కాదు. మండలి 1918 జనవరిలో స్వాతంత్ర్యం ప్రకటించింది. ఏప్రిల్ 29న, జర్మన్ సైన్యం అండతో జరిగిన కుట్రలో కూలిపోయింది. సభలో కుర్చీలు వేసినంత వేగంగా సైన్యాన్ని, పాలనా యంత్రాంగాన్ని నిర్మించుకోలేకపోయింది. అందరికీ చోటివ్వడం అవసరమే కాని, దానితోనే పని పూర్తి కాదు.

మన సంఘాన్నీ 50 ఏళ్ల క్రితం కొద్దిమందే మొదలుపెట్టారు. వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు. అందులో తప్పేమీ లేదు. కానీ పదో తరగతి గట్టెక్కక ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్న మన సహాధ్యాయికి, పెళ్లయి దూరం వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లకు, నిన్నగాక మొన్న బడి విడిచిన పిల్లలకు ఈ సంఘంలో కుర్చీ ఉందా? కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకునే ముందు ఈ ప్రశ్న మీద చర్చ జరగాలని నా మనవి. జవాబు వెతకడానికి మనకు ఏ మంత్రి నిషేధమూ అడ్డు లేదు.