డ్రాకులా: మొదటి నాలుగు అధ్యాయాల తర్వాత ఏమైంది?

ఈ ఎపిసోడ్లలో ఇప్పటిదాకా నాకు నచ్చిన పుస్తకాల గురించే ఎక్కువగా మాట్లాడుతూ వచ్చాను. ఇవాళ నిరాశపరిచిన పుస్తకం గురించి. నచ్చని పుస్తకాన్ని పదో పేజీలో పక్కన పెట్టేసి మర్చిపోతాం, దానితో పేచీ లేదు. నిరాశపరిచిన పుస్తకం అలా కాదండి. ముందు మనకి బోలెడంత ఆశ పెడుతుంది. అందుకే దానిమీద కోపం చాలాకాలం ఉంటుంది.

పుస్తకం పేరు డ్రాకులా. బ్రామ్ స్టోకర్ రాశారు. 1897 మే నెలలో లండన్‌లో అచ్చయింది. స్టోకర్ పుట్టింది డబ్లిన్‌లో. లండన్‌లో లైసియం థియేటర్‌కి మేనేజరు. హెన్రీ ఇర్వింగ్ అని ఆ రోజుల్లో చాలా పెద్ద నటుడు, ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ నవల కోసం 1890లోనే నోట్సు రాసుకోవటం మొదలుపెట్టారు. ఆ వేసవిలో విట్బీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళి, అక్కడి లైబ్రరీలో వలాకియా, మొల్డావియా ప్రాంతాల గురించిన ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే "డ్రాకులా" అనే పేరు కంటపడింది. అంతకుముందు తన కౌంట్‌కి "వాంపైర్" అన్న అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. అదే ఉంచి ఉంటే ఇవాళ మనం ఈ పుస్తకం గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదేమో!

మనలో చాలామందికి డ్రాకులా ముందు సినిమాగా తెలుసు. నల్లటి కేప్, దువ్విన జుట్టు, సూటు. అదంతా నాటకాల నుంచీ, 1931లో బేలా లుగోసీ వేసిన సినిమా నుంచీ వచ్చిన వేషం. పుస్తకంలో కౌంట్ ముసలాయన. పొడుగాటి తెల్లమీసం, కొసదేలిన చెవులు, అరచేతుల్లో వెంట్రుకలు, నోటినుంచి దుర్వాసన. ఇంకో సంగతి. ఎండ తగిలితే డ్రాకులా చచ్చిపోతాడని అందరం అనుకుంటాం కదా, ఆ ముక్క నవల్లో లేదు. 1922లో వచ్చిన జర్మన్ సినిమా నోస్‌ఫెరాటు పెట్టిన ముగింపు అది. నవల్లో కౌంట్ పట్టపగలు లండన్ వీధిలో నిలబడి ఒక అమ్మాయి వంక చూస్తూ ఉంటాడు. పగటిపూట శక్తులు తగ్గుతాయి, అంతే.

సరే, పుస్తకంలోకి వద్దాం. మొదటి నాలుగు అధ్యాయాలు జోనథన్ హార్కర్ డైరీ. హార్కర్ కుర్ర ప్లీడరు. లండన్‌లో ఇల్లు కొనే కాగితాల పనిమీద ట్రాన్సిల్వేనియాలో కౌంట్ కోటకి వెళతాడు. దారిలో తిన్న కూర బాగుందని, కాబోయే భార్య మీనా కోసం ఎలా వండుతారో అడిగి తెలుసుకోవాలని డైరీలో రాసుకుంటాడు. ఆ చిన్న ముక్కతో మనిషి మనకి దగ్గరైపోతాడు. సత్రం యజమానురాలు మోకాళ్ళమీద పడి వెళ్ళొద్దని బతిమాలి, మెడలో శిలువ వేస్తుంది. కోటలో ఒక్క నౌకరూ కనపడడు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే కౌంట్ తనే పక్క సర్దుతున్నాడు! తనే బల్లమీద భోజనం పెడుతున్నాడు! నవ్వు రావాలి కదా? రాదండి. అంత పెద్ద కోటలో తామిద్దరే ఉన్నారని హార్కర్‌కి అప్పుడు అర్థమవుతుంది. నాకు ఆ పేజీ దగ్గర వెన్ను జలదరించింది. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో కౌంట్ కనపడకపోవటం, గోడమీద తలకిందులుగా బల్లిలా పాకుతూ దిగటం, ఇవి సరే, అందరికీ తెలిసినవే. వీటన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఒక తల్లి. బిడ్డను పోగొట్టుకున్న పల్లెటూరి మనిషి కోట గుమ్మం దగ్గరికొచ్చి, కిటికీలో హార్కర్‌ని చూసి, నా బిడ్డను నాకివ్వమని అరుస్తుంది. కాసేపటికి తోడేళ్ళు వస్తాయి. హార్కర్ ఏమీ చెయ్యలేడు. ఆమె పేరేమిటో కూడా మనకి తెలియదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది ముఖ్యం. కౌంట్ దగ్గర ఇంగ్లీషు పుస్తకాల గది ఒకటి ఉంటుంది. డైరెక్టరీలు, లాయర్ల జాబితా, చివరికి రైల్వే గైడు కూడా. హార్కర్‌తో రాత్రంతా మాట్లాడుతూ ఇంగ్లీషు అభ్యాసం చేస్తాడు. లండన్‌లో తను నోరు విప్పగానే పరాయివాడని ఎవరూ గుర్తుపట్టకూడదట. అందుకని యాస సరిదిద్దమని అడుగుతాడు. ఈ ముక్క చదివి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఇది మనకి తెలిసిన కోరిక. వీసా ఇంటర్వ్యూకి ముందు అద్దం ముందు నిలబడి యాస దిద్దుకున్న తెలుగువాళ్ళు ఎంతమంది లేరు? అయిదొందల ఏళ్ళ పిశాచం, చేతిలో రైల్వే గైడు, గుంపులో కలిసిపోవాలని ఆరాటం. ఇంతకన్నా గొప్ప పాత్ర ఎక్కడ దొరుకుతుంది? వీడు లండన్ చేరాక ఏం చేస్తాడు, ఎవరితో మాట్లాడతాడు, ఎక్కడ పొరపడతాడు అని నేను కాచుకు కూర్చున్నాను.

ఏమీ లేదండి. నా నిరాశ అంతా ఇక్కడుంది. అయిదో అధ్యాయం నుంచి కౌంట్ దాదాపుగా మాయమైపోతాడు. అక్కడో నీడ, ఇక్కడో గబ్బిలం, కిటికీ మీద రెక్కల చప్పుడు. ఆ తర్వాత వందల పేజీల్లో ఆయన నోరు విప్పి మాట్లాడే సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. లండన్‌లో ఆయన జీవితం మనకి ఎలా తెలుస్తుందీ అంటే, మట్టిపెట్టెలు మోసిన కూలీల ద్వారా. మొత్తం యాభై పెట్టెలు. హార్కర్ వాళ్ళ దగ్గరికెళ్ళి, బీరుకి డబ్బులిచ్చి, ఏ పెట్టె ఏ ఇంటికి చేరిందో రాసుకుంటాడు. కథ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రసీదుల పుస్తకం అయిపోయింది.

కౌంట్ బదులు మనకి దొరికేది లూసీ. మీనా స్నేహితురాలు. ఒకే రోజు ముగ్గురు పెళ్ళి చేసుకుంటామని అడుగుతారు. ఆ ముగ్గురూ మంచివాళ్ళే, మంచి స్నేహితులు కూడా. లూసీ రాత్రిళ్ళు నిద్రలో నడుస్తుంది, రోజురోజుకీ పాలిపోతుంది, మెడమీద రెండు చిన్న గాట్లు. ఏం జరుగుతోందో మనకి తెలుసు. వాళ్ళకి తెలియదు. దీన్ని సమర్థించేవాళ్ళు ఒక మాట అంటారు: "మీరు సినిమాలు చూసొచ్చి చదువుతున్నారు కాబట్టి తెలిసిపోయింది, 1897లో పాఠకుడికి అది కొత్త." నేను ఒప్పుకోను. 1897లో కొన్న పాఠకుడు కూడా మొదటి నాలుగు అధ్యాయాలు చదివే వచ్చాడు కదా! కోట, పెట్టెలో పడుకున్న కౌంట్, నోటి చుట్టూ రక్తం, అన్నీ చూశాడు. రహస్యాన్ని ముందే బయటపెట్టింది స్టోకరే. పెట్టి, మళ్ళీ పది అధ్యాయాలు అది రహస్యమే అన్నట్టు నడిపారు. వాన్ హెల్సింగ్ అసలు సంగతి డాక్టర్ సివర్డ్‌కి చెప్పేసరికి పద్నాలుగో అధ్యాయం ముగుస్తుంది. అప్పటికి లూసీ చచ్చిపోయింది కూడా.

ఈలోపు రక్తం ఎక్కించటం నాలుగుసార్లు జరుగుతుంది. ఆర్థర్, సివర్డ్, వాన్ హెల్సింగ్, క్విన్సీ, వరసగా. రక్తంలో గ్రూపులుంటాయని లాండ్‌స్టైనర్ తేల్చింది 1901లో. కాబట్టి స్టోకర్‌ని తప్పుపట్టక్కర్లేదు గానీ, పాపం లూసీని చంపింది పిశాచమా, డాక్టర్లా అని నాకు అనుమానం! గది నిండా వెల్లుల్లి పూలు పెట్టి, ఎందుకు పెట్టారో ఇంట్లోవాళ్ళకి చెప్పకపోతే ఏమవుతుంది? వాళ్ళమ్మ వాసన బాగాలేదని తీసేసి, కిటికీ తెరుస్తుంది. ఏ అమ్మయినా అదే చేస్తుంది. ఒక్క వాక్యం చెప్పి ఉంటే అమ్మాయి బతికేది. భయం పుట్టాల్సిన చోట విసుగు పుడుతుంది.

ఇప్పుడు భాష సంగతి. ఇంగ్లీషు క్లాసిక్ చదువుతూ మధ్యలో ఆగిపోతే, "మన ఇంగ్లీషు చాలలేదు కాబోలు" అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ పుస్తకం దగ్గర ఆగిపోయినవాళ్ళకి ధైర్యం చెబుతున్నాను. విట్బీలో ఒక ముసలాయన ఉంటాడు, ఆయన మాట్లాడే యార్క్‌షైర్ యాస ఇంగ్లీషువాళ్ళకే అర్థం కావటం కష్టం. వాన్ హెల్సింగ్ డచ్చివాడు, విరిగిన ఇంగ్లీషులో పేజీలకి పేజీలు ఉపన్యాసం ఇస్తాడు. ఆ వాక్యాలు వంకరగా ఉన్నాయంటే రచయిత కావాలనే అలా రాశారు. మీరు తడబడింది మీకు ఇంగ్లీషు రాక కాదు, వాన్ హెల్సింగ్‌కి రాక!

మధ్యలో మెరుపులు లేవా అంటే, ఉన్నాయి. ఏడో అధ్యాయంలో డిమీటర్ అనే ఓడ కెప్టెన్ రాసుకున్న లాగ్ వస్తుంది. వార్నా రేవు నుంచి బయల్దేరిన ఓడలో ఒక్కొక్క నావికుడూ మాయమవుతుంటాడు. చివరికి చుక్కానికి చేతులు కట్టేసుకున్న కెప్టెన్ శవంతో ఓడ విట్బీ తీరానికి కొట్టుకొస్తుంది. 1885లో నిజంగానే డిమిట్రీ అనే రష్యన్ ఓడ విట్బీ దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది, స్టోకర్ అది నోట్సులో రాసుకున్నారు. ఆ కొద్ది పేజీలు విడిగా అచ్చువేసినా గొప్ప కథ. అలాగే రెన్‌ఫీల్డ్. పిచ్చాసుపత్రిలో రోగి. ఈగలు పట్టి సాలీళ్ళకి పెడతాడు, సాలీళ్ళని పిచ్చుకలకి పెడతాడు, ఆ తర్వాత పిల్లిపిల్ల కావాలంటాడు. పిల్లిపిల్లని ఇవ్వరు, అప్పుడు పిచ్చుకల్ని తనే తినేస్తాడు. డాక్టర్ సివర్డ్ లెక్కల పుస్తకంలా ఇదంతా నమోదు చేసుకుంటుంటే నాకు రెన్‌ఫీల్డ్ కన్నా డాక్టరే భయంకరంగా కనిపించాడు.

ఇక హార్కర్. నాలుగో అధ్యాయం చివర కోట గోడ పట్టుకుని దిగిపోవటానికి తెగిస్తాడు. దిగాడా? ఎలా తప్పించుకున్నాడు? చెప్పరు! తర్వాత ఎప్పుడో బుడాపెస్ట్ ఆస్పత్రి నుంచి ఒక నన్ ఉత్తరం రాస్తుంది, ఈయన మెదడు జ్వరంతో మా దగ్గరున్నాడని. మధ్యలో జరిగింది పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

మీనా విషయంలో నాకున్నది నిరాశ కాదు, కోపమే. ఈ నవల్లో బుర్ర ఉన్న మనిషి ఎవరంటే మీనా. షార్ట్‌హ్యాండ్ తెలుసు, టైపు తెలుసు. అందరి డైరీలూ, టెలిగ్రాములూ, పేపరు కటింగులూ, డాక్టర్ ఫోనోగ్రాఫ్‌లో చెప్పుకున్న మాటలూ అన్నీ తేదీలవారీగా టైపు చేసి వరసలో పెట్టింది ఆవిడే. అంటే మనం చదువుతున్న పుస్తకం ఆవిడ తయారుచేసిందే. వాన్ హెల్సింగ్ ఆవిడకి మగవాడి మెదడుందని పొగుడుతాడు, అది పొగడ్తట. పొగిడి, ఇకమీదట ఈ పని ఆడవాళ్ళకి తగదు, మీరు పడుకోండి అని పక్కన పెట్టేస్తారు. ఎక్కడ పడుకోమన్నారు? డ్రాకులా కొన్న ఇంటికి గోడవతల! అయిదుగురు మగవాళ్ళు లాంతర్లు పట్టుకుని ఆ ఇంట్లో పెట్టెలు వెతుకుతుంటే, కౌంట్ ఇవతల మీనా దగ్గరికొస్తాడు. మర్నాటి నుంచి మీనా పాలిపోతుంది, నీరసం, ఎప్పుడూ నిద్ర. సరిగ్గా లూసీకి వచ్చినవే. లూసీ మంచం పక్కన రాత్రుళ్ళు కూర్చున్న డాక్టర్లిద్దరూ అదే ఇంట్లో ఉండి గమనించరు. ఆవిడ ఎక్కువ బాధపడింది, అలసిపోయింది అనుకుంటారు. స్టోకర్ దీన్ని మగవాళ్ళ మూర్ఖత్వంగా చూపిస్తున్నారని కొందరంటారు. అలా చూపించి ఉంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ పుస్తకం చివరిదాకా వాళ్ళని వీరులనే అంటుంది.

చివర వేట బాగుంటుందేమో అనుకున్నాను. రైళ్ళ వేళలు, నదుల పేర్లు, ఆవిరి పడవలు. ఇక్కడ కూడా కౌంట్ ఏ నది మీదుగా వెళుతున్నాడో తేల్చి చెప్పింది మీనాయే. నవంబరు 6, సూర్యాస్తమయం. బండిమీద పెట్టె. హార్కర్ తన కుక్రీ కత్తితో గొంతు కోస్తాడు, ఆ కుక్రీ మన హిమాలయాల వైపు గూర్ఖాల కత్తే, అక్కడికెలా చేరిందో గానీ. క్విన్సీ తన కత్తి గుండెలో దించుతాడు. దుమ్ము. అయిపోయింది. లూసీకి మేకు దిగ్గొట్టటానికి పేజీలు పేజీలు పట్టింది, కౌంట్‌కి ఒక్క పేరా కూడా పూర్తిగా పట్టలేదు. పైగా మేకే దిగాలని నియమాలన్నీ మనకి నూరిపోసి, తీరా మేకు లేకుండా ముగించారు. టైపు ప్రతిలో కోట కూలిపోయే ముగింపు ఉండేది, అచ్చులో అదీ తీసేశారు.

కౌంట్‌ని దాచి ఉంచటమే గొప్పతనం, కనపడని భయమే భయం, అనే వాదన నేను విన్నాను. కొంత నిజం. ఈ పుస్తకంలో చాలామంది డైరీ రాస్తారు, కౌంట్‌కి మాత్రం డైరీ లేదు. దాన్ని తెలివైన పనే అనుకోవచ్చు. కానీ మనం బేతాళుడి కథలు చదివి పెరిగినవాళ్ళం. శవంలో ఉన్న బేతాళుడు భుజమ్మీద కూర్చుని తనే కథ చెబుతాడు, తనే ప్రశ్న అడుగుతాడు, రాజు నోరు విప్పితే మళ్ళీ చెట్టెక్కుతాడు. ఆ కథల్ని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులోకి తెచ్చి, పుస్తకం పేరులో బేతాళుణ్ణి వాంపైర్ అన్నారు. స్టోకర్‌కి ఇర్వింగ్ ద్వారా బర్టన్ పరిచయం. ఆయన కోరపంటి గురించి తర్వాత రాశారు కూడా. మాట్లాడే పిశాచం ఎంత బాగుంటుందో స్టోకర్‌కి తెలియక కాదు. కోటలో కౌంట్ తన వంశం గురించీ, యుద్ధాల గురించీ చెబుతుంటే, తను అక్కడే ఉన్నట్టు చెబుతున్నాడని హార్కర్ ఆశ్చర్యపోతాడు చూడండి, అది రాసింది ఈయనే కదా.

చదవనివాళ్ళు నాలుగు అధ్యాయాలు తప్పకుండా చదవండి. తర్వాత ఏడో అధ్యాయం, రెన్‌ఫీల్డ్ వచ్చిన పేజీలు. మిగతాది మీ ఓపిక. యాస నేర్చుకున్న ఆ ముసలి కౌంట్ లండన్ ట్రాములో టికెట్ అడిగే పేజీ మాత్రం ఎవరైనా రాస్తే, నాకు చెప్పండి. ఉంటానండి.