వెన్నెముక వైద్యులకు కావలసిన తోడ్పాటు
(నిజాంపేట పఠనాలయమునందు చేసిన ఉపన్యాసము)



శస్త్రవైద్యుని నేర్పంతయు అతని చేతిలోనే యున్నదని లోకము తలచును. అది సగము సత్యము. తాను చేసిన చికిత్స పదియేండ్ల పిమ్మట రోగికి మేలైనదో కీడైనదో ఎరుగని నేర్పు గ్రుడ్డినేర్పు. దానిని ఎరుగుటకై చేయు ప్రయత్నమే పరిశోధన. అది వైద్యుడొక్కనివలన నగునది కాదనియు, అందు మన పాలును కలదనియు మనవి చేయుటకే మేము నేడిట నిలిచితిమి.

ఇందులకు నిదర్శనము మన తెలుగునాటనే కలదు. నెల్లూరు జిల్లా పల్లెలలో నడుములు కొయ్యబారిన రైతులను షార్టు మొదలగు వైద్యులు పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే దీనికి మూలమని 1937లో ప్రకటించిరి. నల్లగొండ జిల్లా దుఃఖమును ఇట్టిదే. ఈ ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలలో పేరుకొని వెన్నుపాముండు మార్గమును ఇరుకుచేయును. వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడును. శస్త్రవైద్యుడు పూసల వెనుకటి ఎముకను తొలగించి ఒత్తిడిని తగ్గింపగలడు, బావినీటిని మార్పజాలడు. హైదరాబాదునందలి నాడీశస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు ఈ వ్యాధినిగూర్చి 2009లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో విపులముగా వ్రాసిరి. వైద్యులు చూచినదానిని వ్రాసి ప్రకటించుటచేతనే పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు నల్లగొండ పద్ధతియు, 2016 ఆగస్టు 7వ తేదీన మన గజ్వేలు ప్రాంతపు కోమటిబండయందు ప్రారంభమైన మిషన్ భగీరథయు సాధ్యములైనవి.

మరియొక నిదర్శనము వెన్నెముక క్షయ. ఈ రోగిని నెలలకొలది మంచముపై కదలకుండ పరుండబెట్టవలయునని పూర్వము నమ్మిరి. బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కొరియా, హాంకాంగు మొదలగు చోట్ల రోగులను వర్గములుగా విభజించి, ఏండ్ల తరబడి వెంబడించి చూచెను. సరియైన మందులు వాడినచో మంచముగాని, పట్టీకవచముగాని అదనపు మేలు చేయదని 1973 మొదలు ప్రకటితమైన ఫలితములు తేల్చినవి. 1975లో మద్రాసునందును ఇట్టి పరీక్ష ఆరంభమయ్యెను. దాని పదియేండ్ల ఫలితములు 1999లో వెలువడినవి. ఎందరో బీదలు మంచపు చెరనుండి విడివడిరి. ఇది ఒక్క మహావైద్యుని ప్రతిభ కాదు. పెక్కు ఆసుపత్రుల ఓపిక, మరల మరల వచ్చి చూపుకొన్న రోగుల ఉపకారము.

మరి వైద్యునికి కావలసినదేమి? ప్రొద్దుటినుండి రోగుల వరుసతోను, శస్త్రచికిత్సలతోను అలసినవానికి మొదట తీరిక కావలయును. లెక్కలు కట్టు గణాంక నిపుణుడు కావలయును. రోగుల వివరములు వ్రాసి భద్రపరచు గుమాస్తా కావలయును. స్క్రూలు, కడ్డీలు అమ్ము కంపెనీల చేతినుండి గాక ప్రజాధనమునుండి ద్రవ్యము రావలయును. అమ్మువాని సొమ్ముతో అమ్మకపు సరకును తూచుట న్యాయమనిపించుకొనదు. ఇవి ఏ దేశపు వైద్యునికైనను కావలసినవే.

ఇక మన పాలు. నిజాంపేటనుండి ఒకడు హైదరాబాదునకు పోయి నడుమునకు శస్త్రచికిత్స చేయించుకొనెననుకొందము. కుట్లు విప్పినతోడనే ఇంటికి వచ్చును. బాగైనచో మరల పోవుటెందుకనును. బాగుకానిచో పోయి ఫలమేమనును. బస్సు ఖర్చు, ఒకనాటి కూలి నష్టము అతని పాదములను కట్టివేయును. నొప్పి తగ్గినవారే తిరిగి వచ్చిన చికిత్స ఉన్నదానికంటె గొప్పదిగా కనబడును. తగ్గనివారే వచ్చిన వ్యర్థముగా కనబడును. రెండును అసత్యములే. ఆ అసత్యముపై రేపటి రోగి శరీరమునకు కత్తి తగులును.

కావున ఆసుపత్రులు తిరిగి వచ్చు రోగికి దారిఖర్చు లీయవలయును. మండలమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే అతని స్థితిని విచారించి వ్రాసి పంపు ఏర్పాటు జరుగవలయును. మనమో, ఎక్సురే ఫిలుములను, చీటీలను దాచుకొని, పిలిచిననాడు పోవలయును. తన అనుమతి లేక తన వివరములు వాడరాదని అడుగుటయు రోగి హక్కే. అడిగి తెలిసికొని, సమ్మతించి, సహకరింపుడు. మందునకు డబ్బీయలేని బీదవాడును తన అనుభవమును ఈయగలడు. ఆ దానమును వ్యర్థము కానీయకుండుట ప్రభుత్వమునకును, వైద్యులకును విధి.