పెలెలియు, ఒకినావాలలో కె కంపెనీ

అమెరికా మెరైన్ దళం ఒకటవ డివిజన్‌లో ఐదవ రెజిమెంటు, అందులో మూడవ బెటాలియన్, అందులో కె కంపెనీ. రెండవ ప్రపంచ యుద్ధపు పసిఫిక్ పటాల్లో ఇంత చిన్న దళానికి చోటు దొరకడం అరుదు. కానీ దీవుల యుద్ధం సైనికుడిని ఏం చేసిందో తెలుసుకోవాలంటే కంపెనీనే చూడాలి. మూడు రైఫిల్ ప్లటూన్లు, మెషీన్‌గన్లు, 60 మిల్లీమీటర్ల మోర్టార్లు, మొత్తం సుమారు 235 మంది. డివిజన్ నష్టాల పట్టికలో అంకెగా మిగిలేవాడు ఇక్కడ పేరున్న మనిషి.

1944 సెప్టెంబర్ 15న ఈ కంపెనీ పలావు దీవుల్లోని పెలెలియు ఒడ్డున దిగింది. దీవి విస్తీర్ణం సుమారు 13 చదరపు కిలోమీటర్లే. మూడు నాలుగు రోజుల్లో పని ముగుస్తుందని డివిజన్ అధిపతి విలియం రూపర్టస్ అంచనా వేశాడు. పోరు రెండు నెలలు దాటింది. జపాన్ సేనాని కర్నల్ కునియో నకగావా మూకుమ్మడిగా ఎదురుదూకే పాత ఎత్తుగడను వదిలేసి, ఉముర్‌బ్రోగోల్ గుట్టల గుహల్లో బలగాన్ని దాచాడు. ఒక గుహ మీదికి వెళ్లినవారిపై పక్క గుహలోంచి కాల్పులు వచ్చేవి.

రెండవ రోజు ఐదవ రెజిమెంటు ఏ చాటూ లేని విమానాశ్రయ మైదానాన్ని ఫిరంగి గుండ్ల మధ్య దాటవలసి వచ్చింది. అంతకంటే ఎక్కువగా బాధించింది దాహం. ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటేది. ఒడ్డుకు చేరిన నీళ్ల పీపాలు అంతకుముందు నూనె నింపినవి. సరిగా కడగకపోవడంతో నీళ్లు తుప్పురంగు తేలి, తాగినవారికి కడుపులో తిప్పేది. శత్రువుతో సంబంధం లేని ఈ నిర్లక్ష్యాన్ని చిన్న తప్పుగా తీసివేయడానికి లేదు. నేలంతా పగడపు రాయి. తలదాచుకోవడానికి గుంట తవ్వబోతే పార దిగేది కాదు. గుండు పేలితే ఇనుప తునకలతో పాటు రాతి పెచ్చులూ ఎగిరి ఒంట్లో దిగేవి. శవాలనూ మలాన్నీ పూడ్చే వీలు లేక కంపు, ఈగలు దీవిని కమ్మేశాయి.

కంపెనీ అధిపతి కెప్టెన్ ఆండ్రూ హాల్డేన్ అంటే సైనికులకు ప్రాణం. అక్టోబర్ 12న గుట్ట మీద పరిస్థితి చూడబోయి తూటాకు బలయ్యాడు. మరికొద్ది రోజులకే రెజిమెంటును పోరు నుంచి తప్పించారు. కంపెనీలో దెబ్బతినకుండా మిగిలినవారు 85 మంది. దాడికి కొద్ది రోజుల ముందే అడ్మిరల్ హాల్సీ దీన్ని మానుకోవచ్చని సూచించగా ఆయన పై అధికారి అడ్మిరల్ నిమిట్జ్ అంగీకరించలేదు. ఫిలిప్పీన్స్‌కు వెళ్లే సేనల పార్శ్వానికి రక్షణ కోసమంటూ పట్టుకున్న దీవికి ఇది మోయరాని మూల్యం.

1945 ఏప్రిల్ 1న కంపెనీ ఒకినావాలో దిగింది. తొలి నెల దాదాపు ప్రశాంతంగా గడిచింది. మే మొదట్లో దక్షిణాన జపాన్ సేన షురి రక్షణ రేఖల ముందుకు వెళ్లాక అసలు యుద్ధం మొదలైంది. మే చివరి వానలకు నేల బురదగుంటగా మారింది. పెలెలియులో గుంట తవ్వడానికి మట్టే లేదు. ఇక్కడ తవ్విన ప్రతి గుంటలోనూ నీరు ఊరేది, తవ్వుతుంటే కుళ్లిన శవాలు బయటపడేవి. క్షతగాత్రుణ్ని మోసే నలుగురూ మోకాలి లోతు బురదలో కాల్పులకు ఎదురుగా నడిచేవారు. ఖాళీలు నింపడానికి వచ్చిన కొత్తవారిలో కొందరు తోటివారికి పేరైనా తెలియకముందే నేలకొరిగారు. దిగినవారు 235, తర్వాత చేరినవారు 250. జూన్‌లో పోరు ముగిసేసరికి మిగిలింది 50 మంది. వారిలో ఏప్రిల్ 1న ఒడ్డుకు చేరినవారు 26 మంది మాత్రమే.

ఇంత వివరంగా ఈ కథ తెలియడానికి ముఖ్య కారణం మోర్టార్ దళ సైనికుడు యూజీన్ స్లెడ్జ్. జేబులోని బైబిల్ కొత్త నిబంధన ప్రతిలో రహస్యంగా రాసుకున్న గుర్తుల ఆధారంగా ఆయన రాసిన జ్ఞాపకాలు 1981లో అచ్చయ్యాయి. అందులో సహచరుల త్యాగంతో పాటు, శత్రువుల శవాల నోళ్ల నుంచి బంగారు పళ్లు ఊడబెరికిన సొంత సైనికుల క్రూరత్వమూ ఉంది. ఒకసారి తానూ ఆ పనికి వంగానని, రోగక్రిములు అంటుకుంటాయన్న సాకుతో వైద్య సహాయకుడు తనను ఆపాడని స్లెడ్జ్ దాచకుండా రాశాడు.