కళాశాల విద్యార్థికి ల్యాప్‌టాప్: కొనుటకు ముందు
(కోల్‌కతాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నగరానికీ కంప్యూటరుకూ గల సంబంధం పాతది. 1950ల దశకం మధ్యలోనే ఇక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు కంప్యూటరు వచ్చినది. 1960ల దశకంలో ఇదే నగరంలో, ఉద్యోగాలు పోవునన్న ఆందోళనతో, జీవిత బీమా ఉద్యోగులు ఇలాకో హౌస్‌లోనికి కంప్యూటరును రానీయక కాపలా కాసినారు. ఈ యంత్రం ఎవరి ప్రయోజనం కొరకు అన్నదే ఆ పోరాటంలోని మూల ప్రశ్న. నేడు మన రిజర్వేషను కౌంటరు, తపాలా పొదుపు ఖాతా కంప్యూటరు మీదనే నడుస్తున్నవి. కళాశాలలో చేరిన మన బిడ్డకు ల్యాప్‌టాప్ అవసరమైనది. అయినా ఆ ప్రశ్న మారలేదు. మనం కొనేది బిడ్డ చదువు కొరకా, అంగడివాని లాభం కొరకా?

మొదట చదువును బట్టి నిర్ణయించండి. బి.ఏ., బి.కాం. విద్యార్థి వ్యాసాలు వ్రాయును, లెక్కల పట్టికలు వేయును, ఇంటర్నెట్‌లో పాఠాలు వినును. దీనికి ఆటల కొరకు తయారైన ఖరీదైన యంత్రం అనవసరం. ఇంజనీరింగు విద్యార్థి అయితే కళాశాల శాఖను అడిగిన పిమ్మటనే కొనండి.

ర్యామ్ 8 జి.బి.కి తగ్గరాదు. తరువాత పెంచుకొను వీలున్నదో లేదో అడగండి. నిల్వకు 256 జి.బి. ఎస్.ఎస్.డి. కనీసం ఉండవలెను. చౌక యంత్రాలలోని ఇ.ఎం.ఎం.సి. నిల్వ నెమ్మదిగా పనిచేయును. లోకల్ రైలులో, మెట్రోలో మోయవలసిన వస్తువు గనుక బరువు 1.5 కిలోల దరిదాపున ఉంటే మేలు. వ్రాతపనికి లిబ్రే ఆఫీస్ ఉచితంగా లభించును.

చాందినీ చౌక్‌లో వాడిన యంత్రాలు చవకగా దొరుకును. వాటిని కొనుట తప్పు కాదు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. కనుక విండోస్ 11 నడిచే యంత్రమేనా అని కళ్లతో చూడండి. ప్లగ్ తీసివేసి అరగంట నడిపి బ్యాటరీని పరీక్షించండి. బిల్లు లేనిదే డబ్బు ఇవ్వకండి.

వాయిదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "వడ్డీ లేదు" అన్నచోట ప్రాసెసింగ్ రుసుము ఉండవచ్చును. రొక్కానికి ఇచ్చే తగ్గింపు పోవచ్చును. రొక్కం ధర ఎంత, వాయిదాల మొత్తం ఎంత అని రెండు అంకెలూ కాగితంపై వ్రాయించుకొనండి. తరువాత మన సహకార పరపతి సంఘం వడ్డీతో పోల్చి చూడండి. నలుగురైదుగురు కలిసి ఒకే దుకాణానికి వెళ్లి బేరమాడండి. ఒంటరి కొనుగోలుదారునికి లేని బలం సమష్టికి ఉన్నదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

చివరిగా ఒక్క మాట. మన ఇండ్లలోనే కుమారునికి ల్యాప్‌టాప్, కుమార్తెకు పాత సెల్‌ఫోను అన్న పద్ధతిని మేము చూస్తున్నాము. చిన్న తెరపై వ్యాసం వ్రాస్తూ ఆ బాలిక కళ్లు అలసిపోవుచున్నవి. ఆడంబరానికి పోయే సొమ్ము మిగిల్చితే ఆమెకూ ఒక యంత్రం రావచ్చును. పనిచోట సమాన హక్కు అడిగే మనం దానిని ఇంటి నుండే ఆరంభించుదము.