ట్వీడ్‌ను తయారుచేసిన ఫైరింజను

ఒక నాయకుణ్ణి అర్థం చేసుకోవాలంటే అతను గద్దెనెక్కక ముందు ఎవరితో తిరిగాడో చూడమనేవారు మా మాస్టారు. ఆ మాట పట్టుకునే నేను న్యూయార్క్ విలియం ట్వీడ్ దగ్గరికి వెళ్లాను. న్యూయార్క్ డెమొక్రాట్ల సంస్థ టామనీ హాలుకు అతను నాయకుడు, నగర ఖజానా లూటీ మీరెరిగిన కథే.

1823లో చెర్రీ వీధిలో, కుర్చీలు చేసేవారింట్లో పుట్టాడు. 1840ల చివర అమెరికస్ ఆరో నంబరు అగ్నిమాపక దళంలో చేరి త్వరలోనే ఫోర్‌మన్ అయ్యాడు. ఆ దళాన్ని జనం ‘బిగ్ సిక్స్’ అనేవారు. జీతాల్లేవు. ఇంజనును మనుషులే తాళ్లు పట్టి లాక్కుంటూ పరుగెత్తాలి. మంట దగ్గర అటూ ఇటూ బారులు తీరి పంపు కాడల్ని ఎత్తుతూ దించుతూ నీళ్లు కొట్టాలి. కాసేపటికే చేతులు పడిపోయేవి, ఇంకో జట్టు అందుకునేది. ముందు నీళ్లు పట్టిన దళానిదే పరువు. అందుకని వీధి కుళాయి మీద పీపా బోర్లించి, తమ ఇంజను వచ్చేదాకా దానిమీద ఒక వస్తాదును కూర్చోబెట్టేవారు. బిగ్ సిక్స్ ఇంజను మీద పులి బొమ్మ ఉండేది. ప్రత్యర్థులతో తగవుల్లో గొడ్డళ్లూ లేచాయి. చీఫ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ కార్సన్ పట్టుబట్టి 1850లో ట్వీడ్‌ను దళం నుంచి సాగనంపాడు. ఆ ఏడే డెమొక్రాట్లు అతన్ని ఆల్డర్‌మన్, అంటే నగరసభ సభ్యుడి పదవికి నిలబెట్టారు. ఓడాడు, మరుసటి ఏడు గెలిచాడు. గొడ్డలి గొడవే అతన్ని పార్టీ కంట పడేసింది.

ఇక్కడే నాకు చరిత్రకారుడు లియో హెర్ష్‌కొవిట్జ్ గారితో పేచీ. ట్వీడ్ దొంగ అన్నది పత్రికలూ వ్యంగ్యచిత్రాలూ అల్లిన కట్టుకథ అని ఆయన 1977లో పుస్తకమే రాశారు. 1877లో ట్వీడ్ నేరాలు ఒప్పుకున్నది విడుదల ఆశతోనేనంటే, ఆ మేరకు వింటాను. మరి ట్వీడ్ ముఠా కట్టించిన కోర్టు భవనం లెక్కల్లో రెండు రోజుల గిలాబు పనికి చెల్లించిన 1,33,187 డాలర్ల మాటేమిటి? ఆ చెల్లింపు ఏ చిత్రకారుడూ గీసింది కాదు. చీలికలైన నగరాన్ని ట్వీడ్ లంచాలతో కలిపి ఉంచాడన్న మరో చరిత్రకారుడు సేమూర్ మాండెల్‌బామ్ వాదనలో పస ఉంది. కానీ డబ్బు కంటే ముందు తాడు ఉంది. ఒకే తాడు పట్టి లాగినవాళ్లు ఒకే మనిషికి ఓటేస్తారు. ఇంజను షెడ్డును వదిలేసి నగరసభ దగ్గర కథ మొదలుపెట్టే పండితులందరితోనూ నా తగాదా ఇదే.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు, మిగతాది క్లుప్తంగా చెబుతాను. 1853 నుంచి 1855 దాకా ట్వీడ్ కాంగ్రెస్‌లో ఒక్క దఫా ఉన్నాడు. ఆ పైన, న్యాయశాస్త్రం చదవకపోయినా, జడ్జి జార్జ్ బార్నర్డ్ అతన్ని లాయరుగా ధ్రువీకరించాడు. డ్యూయేన్ వీధి ఆఫీసులోకి ఫీజుల పేరుతో మామూళ్లు వచ్చేవి. 1865లో స్వచ్ఛంద దళాలు పోయి జీతాల శాఖ వచ్చింది. అప్పటికి ట్వీడ్‌కు ఇంజనుతో పనిలేదు. 1871లో వ్యంగ్యచిత్రకారుడు థామస్ నాస్ట్ టామనీని పులిగా గీశాడు, బిగ్ సిక్స్ పులే అది. 1873లో శిక్ష, 1875లో పరారీ, మరుసటి ఏడు స్పెయిన్‌లో పట్టివేత, 1878 ఏప్రిల్ 12న లడ్‌లో వీధి జైల్లో మరణం. ఈ పతనం మీద పుస్తకాలు దండిగా ఉన్నాయి. ఇంజను వెంట పరుగెత్తిన ఆ కొన్నేళ్ల మీద పని చేయడానికి ఇక్కడున్న విద్యార్థులు ముందుకు రావాలని కోరుతున్నాను.